హార్డెనర్ ఉజ్జాయింపుగా కలిపే వస్తువు కాదు

సంపాదకులు గారికి,

నమస్కారములు.

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో ఫైబర్‌గ్లాస్‌తో నమూనా జెట్ బోటు తయారుచేసుకోవడం గురించి వచ్చిన వ్యాసం మొదటి భాగాన్ని శ్రద్ధగా చదివాను. అడుగున ఉన్న రంధ్రం గుండా నీటిని పీల్చి, లోపలి పంపుతో వేగం పెంచి, వెనక నాజిల్ నుంచి చిమ్ముతూ ముందుకు సాగే ఈ పడవ గురించి తెలుగులో ఇంత వివరంగా రాయడం సంతోషకరం. అయితే చాలాకాలంగా ఈ పని చేస్తున్నవాడిగా, ఆ వ్యాసంలోని ఒక సలహా ప్రమాదకరమైనదనీ, మరికొన్ని విషయాలు పాఠకుడి శ్రమను నీటిపాలు చేసేవనీ చెప్పక తప్పడం లేదు.

గాజు గుడ్డకు పూసే చిక్కని జిగురు, అంటే రెజిన్, త్వరగా గట్టిపడకపోతే దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కొంచెం ఎక్కువ కలుపుకోవచ్చునని వ్యాసకర్త రాశారు. ఏ రెజిన్ అన్నది చెప్పలేదు. ఈ పనికి వాడే రెజిన్లు ముఖ్యంగా రెండు: పాలియెస్టర్, ఎపాక్సీ. రెండూ చూడటానికి తేనె రంగులో చిక్కగా ఒకేలా ఉన్నా, అవి గట్టిపడే తీరు వేరు. పాలియెస్టర్‌లో కలిపే ఎంఈకేపీ అనే పెరాక్సైడ్ అగ్గిపుల్ల వంటిది. రెజిన్‌లో అప్పటికే ఉన్న పదార్థాల మధ్య చర్యను రగిలించడమే దాని పని. అందుకే బరువులో నూటికి ఒకటి నుంచి రెండు వంతులు సరిపోతుంది, ఆ హద్దుల్లో వాతావరణాన్ని బట్టి కాస్త అటూ ఇటూ చేసుకునే వీలుంటుంది. ఎపాక్సీ హార్డెనర్ అలా కాదు. అది రెజిన్ అణువులతో జతకట్టి గట్టిపడిన పదార్థంలో తానూ ఒక భాగమవుతుంది. చొక్కాకు కాజాలు ఎన్ని ఉంటే గుండీలు అన్నే ఉండాలి. అదనంగా తెచ్చిన గుండీలు చొక్కాను బిగించవు. ఎపాక్సీలో ఎక్కువైన హార్డెనర్ కూడా అంతే, జత దొరకక మిగిలిపోయి పడవ గోడను మెత్తగా, జిగటగా, బలహీనంగా ఉంచేస్తుంది. తయారీదారు డబ్బా మీద బరువులో 100కు 10 అని ఇస్తే 100కు 10 మాత్రమే, అదీ ఎలక్ట్రానిక్ త్రాసు మీద తూచి కలపాలి. త్వరగా గట్టిపడాలంటే దానికోసమే చేసిన వేగవంతమైన హార్డెనర్‌ను ఎంచుకోవాలి, లేదా గది వెచ్చగా ఉండేటట్లు చూసుకోవాలి.

పాలియెస్టర్ విషయంలోనైనా ‘కొంచెం ఎక్కువ’ ఎటు దారితీస్తుందో నేను కళ్లారా చూశాను. తొలిరోజుల్లో ఒక ప్లాస్టిక్ గ్లాసులో సుమారు 200 గ్రాముల రెజిన్ కలిపి, తొందరకొద్దీ పెరాక్సైడ్ రెట్టింపు వేసి, గాజు గుడ్డ కత్తిరించుకునేందుకు అటు తిరిగాను. మళ్లీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి కాలింది. చూస్తుండగానే అంచులు వాలిపోయి, లోపలి రెజిన్ పగుళ్లిచ్చి, ఘాటైన పొగ లేచింది. పలచగా పూసిన రెజిన్ తన వేడిని గాలికి వదిలేసుకుంటుంది. గ్లాసులో ముద్దగా ఉన్నది వదుల్చుకోలేదు, ఆ వేడే చర్యను ఇంకా ఎగదోస్తుంది. అప్పటినుంచి అరచేయి పట్టేంత మాత్రమే కలుపుతాను, కలపగానే వెడల్పాటి పళ్లెంలోకి వంచేస్తాను.

వ్యాసంలో లేని మరో మాట ఇంతకంటే ముఖ్యమైనది. కొన్ని పాలియెస్టర్ రెజిన్లతో చర్యను వేగవంతం చేసే కోబాల్ట్ యాక్సిలరేటర్‌ను వేరే సీసాలో ఇస్తారు. దానిని ముందుగా రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతనే పెరాక్సైడ్ వేయాలి. ఈ రెండూ నేరుగా ఒకదానితో ఒకటి కలిస్తే మంటలు రేగవచ్చు, పేలుడు కూడా సంభవించవచ్చు. ఒకే చెంచాతో రెండింటినీ కొలవడం, రెండు సీసాలను పక్కపక్కన పెట్టడం కూడా తగదు. పెరాక్సైడ్ చుక్క కంట్లో పడితే చూపు శాశ్వతంగా పోయే ప్రమాదం ఉన్నందున కళ్లద్దాలు, నైట్రైల్ చేతితొడుగులు, రసాయన ఆవిరిని ఆపే వడపోత ఉన్న ముసుగు తప్పనిసరి. దుమ్ము కోసం కట్టుకునే మామూలు గుడ్డ ముసుగు పాలియెస్టర్ రెజిన్ నుంచి లేచే స్టైరీన్ ఆవిరిని ఆపదు. పిల్లలు కూడా చదివే అనుబంధంలో తయారీ విధానం అచ్చువేసినప్పుడు ఈ నాలుగు వాక్యాలకు చోటు లేకపోవడం నాకు బాధ కలిగించింది.

ఇక పడవ కొలతల విషయం. 1:10 నమూనాలో అన్నీ పదో వంతు చేస్తే సరిపోతుందని వ్యాసకర్త భావించినట్లుంది. పొడవు పదో వంతైతే ఉపరితలం వందో వంతు, నీటిని తొలగించే ఘనపరిమాణం వెయ్యో వంతు అవుతుంది. 6 మీటర్ల పొడవు, 1500 కిలోల బరువు ఉన్న జెట్ బోటుకు 60 సెంటీమీటర్ల నమూనా చేస్తే, మోటారు, బ్యాటరీ, పంపు, పైకప్పు అన్నీ కలిపి దాని బరువు కిలోన్నర దాటకూడదు. ఈ కిలోన్నరను లెక్కలో పెట్టుకునే గాజు గుడ్డను ఎంచుకోవాలి. వ్యాసంలో సూచించినట్లు చదరపు మీటరుకు 300 గ్రాముల చాపను (తెగిన గాజు పోగులను జిగురుతో అంటించిన పరుపును) రెండు పొరలు వేస్తే, అది తన బరువుకు రెట్టింపు రెజిన్‌ను తాగుతుంది కాబట్టి, పావు చదరపు మీటరు ఉండే ఆ పడవ అడుగుభాగం ఒక్కటే దాదాపు 450 గ్రాములు తూగుతుంది. దాని బదులు 160 గ్రాముల నేత గుడ్డను మూడు పొరలు వేసి, ఎక్కువైన రెజిన్‌ను రబ్బరు పలకతో లాగేస్తే 240 గ్రాముల్లో పని పూర్తవుతుంది. ఆ మిగిలిన 210 గ్రాములే పడవ నీటి మీద తేలికగా లేవడానికీ లేవకపోవడానికీ తేడా అవుతాయి. పైగా ఇలాంటి చాపల్లో గాజు పోగులను అంటించే జిగురు స్టైరీన్‌లో కరిగేందుకు తయారైనది కనుక ఎపాక్సీతో అది సరిగా మెత్తబడదు. ఎపాక్సీ వాడేవారికి నేత గుడ్డే మార్గం. అచ్చు తీసేందుకు పడవ మూలరూపాన్ని థర్మకోల్‌తో చెక్కుకుని దాని మీద నేరుగా పాలియెస్టర్ పూయడం కూడా కుదరదు, స్టైరీన్ దానిని గుంటలుగా కరిగించేస్తుంది. వ్యాసంలోని ఛాయాచిత్రంలో థర్మకోల్ మూలం కనిపించింది కాబట్టి ఈ సంగతి చెబుతున్నాను.

వేగం లెక్క మరో తీరుగా ఉంటుంది. అసలు పడవ గంటకు 60 కిలోమీటర్లు వెళితే నమూనా 6 కిలోమీటర్లు వెళ్లాలని రాయడం పొరపాటు. అలలు పుట్టే తీరును పోల్చడానికి వేగాన్ని పొడవు నిష్పత్తితో కాక ఆ నిష్పత్తి వర్గమూలంతో తగ్గించాలని ఇంగ్లండుకు చెందిన విలియం ఫ్రూడ్ నిరూపించారు. 1872లో టార్కీ పట్టణంలో ఆయన కట్టించిన పరీక్షా తొట్టి నమూనాలతోనే అసలు ఓడలకు ఎదురయ్యే నిరోధాన్ని అంచనా వేసే పద్ధతికి పునాది వేసింది. ఆ లెక్కన మన నమూనా గంటకు దాదాపు 19 కిలోమీటర్లు పోవాలి. 6 కిలోమీటర్ల వేగం దగ్గర అది ముక్కు పైకెత్తి, తోక ముంచి, నీటిని దున్నుకుంటూ ఈడ్చుకుపోతుందే తప్ప జెట్ బోటులా నీటిపై జారదు. పాఠకుడు అది చూసి మోటారునో బ్యాటరీనో తిట్టుకుంటాడు.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించినది, నీరు లోపలికి పోయే రంధ్రం గురించి వ్యాసం రెండే రెండు పంక్తుల్లో దాటిపోవడం. జెట్ బోటులో అసలు పనంతా అక్కడే ఉంది. న్యూజిలాండ్‌లో బిల్ హామిల్టన్ 1950ల్లో లోతు తక్కువ నదుల కోసం ఈ పడవను రూపొందించినప్పుడు, మొదట నీటి ధారను అడుగున వదిలి, ఆ తర్వాత నాజిల్‌ను నీటిమట్టానికి పైకి మార్చడంతోనే వేగం పెరిగింది. అంటే పడవ అడుగున పొడుచుకొచ్చిన ఏ భాగమూ ఉండకూడదన్నది అప్పటినుంచీ ఈ పడవకు ప్రాణసూత్రం. నమూనాలో కూడా రంధ్రానికి ముందు భాగం అద్దంలా ఉండాలి. నీటిని పక్కకు మళ్లించేందుకు అడుగున అతికించే సన్నని పట్టీలను మధ్యగీతకు దూరంగా ఉంచాలి. వాటి వెంబడి వచ్చే గాలి బుడగలు నేరుగా పంపులోకి పోతే దానిలో తిరిగే రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, నీటికి బదులు నురగను తిప్పుతుంది.

నా రెండో పడవ ఎంత నెట్టినా ఒక వేగం దాటేది కాదు. థ్రాటిల్ (మోటారు వేగాన్ని పెంచే మీట) సగం దాటగానే మోటారు కీచుమనేది, వెనక ధార తెల్లబడి చితికిపోయేది. ఇంపెల్లర్ మార్చాను, బ్యాటరీ మార్చాను, బరువులు వెనక్కి జరిపాను. ఆఖరికి ఒక సాయంత్రం పడవను బోర్లించి అడుగున తడి వేలితో రాస్తుంటే, రంధ్రానికి రెండంగుళాల ముందు, అచ్చులో లప్పం సరిగా అరగని చోట ఏర్పడిన సన్నని గట్టు వేలికి తగిలింది. కంటికి అది కనిపించలేదు. నీళ్లు పోస్తూ నున్నని ఎమరీ పేపర్‌తో పావుగంట రుద్దాక కీచుమనడం ఆగిపోయింది. ఆ గట్టును మూలరూపం మీదనే పట్టుకుని ఉంటే నాకు మూడు వారాలు కలిసి వచ్చేవి. అందుకే నా లెక్కలో ఈ పనిలో సగానికి పైగా కాలం చెక్క మూలాన్ని చిత్రిక పట్టి, లప్పం పెట్టి, అరగదీయడానికే పోవాలి. గాజు గుడ్డ పరిచి రెజిన్ పూయడం ఒక పూట పని. వ్యాసంలో ఇది తలకిందులుగా ఉంది.

పడవ కదలకుండా నిలిచి ఉన్నప్పుడు ఇంపెల్లర్ నీటిమట్టానికి దిగువన ఉండేలా పంపును అమర్చాలన్నది కూడా చేర్చవలసిన విషయమే. అది పైన ఉంటే పంపు ఖాళీగా తిరుగుతుంది, నీరు ఎక్కదు. అలాగే థ్రాటిల్ వదిలేస్తే ఈ పడవ తిరగదు కూడా, ఎందుకంటే తిప్పేది చుక్కాని కాదు, నాజిల్ నుంచి వచ్చే ధార. ఒడ్డు దగ్గరకు వస్తున్నప్పుడు భయపడి థ్రాటిల్ వదిలేసేవాళ్లు నేరుగా రాతికి కొడతారు.

వచ్చే ఆదివారం మోటారు, బ్యాటరీల గురించి రెండో భాగం వస్తుందని ప్రకటించారు. అంతకంటే ముందే హార్డెనర్ విషయంలో సవరణను, కోబాల్ట్ గురించిన హెచ్చరికను, మొదటి భాగం వచ్చిన పుటలోనే, అదే పరిమాణం అక్షరాలతో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. మొదటి భాగం చదివి రెజిన్ తెచ్చుకున్నవారు రెండో భాగం దాకా ఆగకపోవచ్చు. ఆ రెండో భాగంలో మామూలు లిథియం పాలిమర్ బ్యాటరీల ఛార్జింగ్ గురించి రాసేటప్పుడు ఒక్కో సెల్‌కు 4.2 వోల్టులే గరిష్ఠ హద్దని అంకెల్లోనే ఇవ్వమని వ్యాసకర్తకు తెలియజేయగలరు. అక్కడ కూడా ‘కొంచెం ఎక్కువ’ అని ఉంటే కాలేది గ్లాసు కాదు, ఇల్లు.

ఇట్లు,
మీ పాఠకుడు,
నమూనా పడవల నిర్మాత