పేస్‌మేకర్ మానిటర్ ప్లగ్ పీకేయకండి

సంపాదకులకు,

పేస్‌మేకర్లను హ్యాక్ చేస్తారన్న సందేశం వాట్సాప్‌లో తిరిగినప్పుడల్లా, గుండె పరికరం నుంచి సమాచారం తీసుకుని ఆసుపత్రికి పంపే, మంచం పక్కనున్న మానిటర్ ప్లగ్ పీకేసేవాళ్లు ఉంటారు. భయం ఉత్తదేమీ కాదు. మెడ్‌ట్రానిక్ కంపెనీ గుండె పరికరాలు రేడియోతో సమాచారం పంపే కొనెక్సస్ టెలిమెట్రీలో ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని ఇతరులు చదవలేని సంకేతంగా మార్చడం) లేదని, మాట్లాడుతున్నది ఎవరో సరిచూసుకునే ఏర్పాటూ లేదని 2019 మార్చిలో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అయితే అది కొన్ని ఐసీడీలు (ప్రమాదకరంగా గతి తప్పిన గుండెకు షాక్ ఇచ్చే పరికరాలు), సీఆర్‌టీ-డీల (గుండె రెండు వైపులా కలిసి కొట్టుకునేలా కూడా చూసే ఐసీడీలు) సంగతి. ఆ కంపెనీ పేస్‌మేకర్లకు వర్తించదు. పైగా మానిటర్ వాడకం ఆపొద్దని అప్పుడే చెప్పారు.

నిజానికి ఎక్కువగా ఇబ్బంది పెట్టేది హ్యాకర్ కాదు, మానిటర్ పెట్టిన చోటు. ఒంట్లోని పరికరాల్లో చాలావాటికి మానిటర్‌తో మాట్లాడేందుకు 402–405 మెగాహెర్ట్జ్ రేడియో బ్యాండ్ వాడతారు. మన దేశంలోనూ దానికి లైసెన్స్ అక్కర్లేదు. అనుమతించిన శక్తి మాత్రం 25 మైక్రోవాట్లే, అంటే 100 మిల్లీవాట్ల వైఫై రూటర్‌లో నాలుగు వేలో వంతు. వాతావరణ బెలూన్లు కూడా ఇదే బ్యాండ్‌లో పనిచేస్తాయి కాబట్టి వాటికి అడ్డు రాకూడదు. బ్యాటరీ ఏళ్ల తరబడి రావాలి. ఉన్న కాస్త సిగ్నల్‌లోనూ కొంత కండ, కొవ్వు మింగేస్తాయి. మిగిలింది రెండు మూడు మీటర్లు అందితే గొప్ప. అందుకే మానిటర్ తలగడ వైపు స్టూలు మీద ఉండాలి, మధ్యలో ఇనుప బీరువా ఉండకూడదు. సమాచారం సాధారణంగా నిద్రలోనే వెళ్తుంది. హాల్లో టీవీ పక్కన అందంగా అమర్చిన మానిటర్‌కు ఏమీ అందదు.

కొత్త మోడళ్లలో బ్లూటూత్ ఉంటుంది, మానిటర్ పని ఫోనే చేస్తుంది. ఇక్కడ చిక్కులు వేరు. ఆండ్రాయిడ్ బ్యాటరీ సేవర్, రిపోర్ట్ పంపే యాప్‌ను వెనకాలే ఆపేస్తుంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు బ్యాటరీ పరిమితి తీసేయాలి. డేటా ప్యాక్ అయిపోతే రిపోర్ట్ ఫోన్‌లోనే ఉండిపోతుంది. కొత్త ఫోన్ కొంటే మళ్లీ జత చేయాలి, దీన్నే చాలామంది మరిచిపోతారు. ఫోన్ దగ్గర్లో ఉండాలి కదా అని చొక్కా జేబులో మాత్రం వేసుకోవద్దు. ఫోన్‌లోని అయస్కాంతం ఐసీడీ షాక్ ఇవ్వకుండా అడ్డుపడవచ్చు. ఒంట్లోని పరికరానికి కనీసం 15 సెంటీమీటర్ల ఎడం ఉంచాలి, వైర్‌లెస్ చార్జింగ్‌లో ఉంటే 30.

ఇంకొకటి: మానిటర్ అంబులెన్స్ కాదు. కళ్లు తిరిగి పడిపోతే, ఐసీడీ వరుసగా షాక్‌లు ఇస్తే 108కే ఫోన్ చేయాలి.

ఆసుపత్రులు డిశ్చార్జి కాగితంలో తెలుగులో నాలుగు ముక్కలు రాసిస్తే చాలు: పరికరం మోడల్ నంబరు, అది మానిటర్‌తో పనిచేస్తుందా ఫోన్‌తోనా, దాన్ని ఎక్కడ పెట్టాలి, చివరి రిపోర్ట్ అందిందో లేదో ఏ నంబరుకు ఫోన్ చేసి అడగాలి. మొదటి రిపోర్ట్ అందినట్టు చూసుకున్నాకే రోగిని ఇంటికి పంపాలి.

– ఒక బయోమెడికల్ ఇంజినీరు, హైదరాబాద్