సిగ్నల్ అందని దారుల్లో బైకు యాత్రలు

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్, విజయవాడల నుంచి మోటార్‌సైకిళ్ల మీద లద్దాఖ్ వెళ్లివచ్చే యువకులు ఇటీవల ఎక్కువయ్యారు. వాళ్లు బండికి, జాకెట్లకు పెట్టే శ్రద్ధలో పదోవంతు కూడా ఫోన్ విషయంలో పెట్టడం లేదని, దాని ఫలితం ఇంట్లో ఉన్నవాళ్లు అనుభవిస్తున్నారని చెప్పడానికే ఈ లేఖ.

నిరుడు జులైలో మా అబ్బాయి మనాలీ–లేహ్ దారిలోని జిస్పా అనే ఊరి నుంచి ఫోన్ చేసి మర్నాటి రాత్రికి లేహ్ చేరతానన్నాడు. తర్వాత రెండు రోజులు ఫోన్ పలకలేదు. వాళ్లమ్మ ముద్ద ముట్టలేదు. మూడో రోజు లేహ్‌లో బస ఇచ్చిన ఇంటాయన ఫోన్ నుంచి మాట్లాడాడు. తల తిరగడంతో దారిలోని సర్చూలో ఒక రోజు ఆగిపోయాడట. మనాలీ నుంచి లేహ్‌కు సుమారు 430 కిలోమీటర్లు. అందులో జిస్పా దాటాక బారాలాచా లా కనుమ, పాంగ్, తంగ్లాంగ్ లా కనుమ మీదుగా ఉప్షి వరకు చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కనుక ఆ మౌనానికి కొండలే కారణమనుకోవచ్చు. కానీ లేహ్ పట్టణంలో సిగ్నల్ నిండుగా ఉన్నా అతని ఫోన్ మూగబోయింది. బయటి రాష్ట్రాల్లో తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూకశ్మీర్, లద్దాఖ్‌లలో పనిచేయవని, పోస్ట్‌పెయిడ్ అయితేనే పనిచేస్తుందని అతనికీ తెలియదు, మాకూ తెలియదు.

శాటిలైట్ ఫోన్ కొనిపెడదామని బంధువొకరు సలహా ఇచ్చారు. ప్రభుత్వ అనుమతి లేకుండా దానిని వాడటం మన దేశంలో నేరమని చాలామందికి తెలియదు. 112కు చేసే అత్యవసర కాల్ మన కంపెనీ సిగ్నల్ లేకపోయినా వేరొక కంపెనీ టవర్ ద్వారా వెళ్లగలదు కానీ, ఏ టవరూ లేనిచోట అదీ వెళ్లదు. కనుక ఎక్కడి నుంచి ఫోన్ చేయాలో, ఎన్ని గంటలు దాటితే ఇంట్లోవాళ్లు ఎవరిని సంప్రదించాలో బయలుదేరకముందే రాసిపెట్టుకోవడం కంటే మేలైన ఏర్పాటు నాకు కనిపించలేదు. సిగ్నల్ వెతుక్కుంటూ ఫోన్ బ్యాటరీ త్వరగా ఖర్చవుతుంది, చలికి మరింత తగ్గిపోతుంది కాబట్టి, అలాంటి దారిలో ఫ్లైట్ మోడ్‌లో ఉంచడం మంచిది. హెల్మెట్‌లో బ్లూటూత్ పెట్టుకుని ఘాట్ మలుపుల్లో మాట్లాడే అలవాటు మాత్రం నాకు ససేమిరా నచ్చదు. బండి ఆపి మాట్లాడితే పోయేదేమీ లేదు.

ఇంత దూరం పోనక్కర్లేదు. శ్రీశైలం దారిలో మన్ననూరు దాటి నల్లమలలోకి ప్రవేశిస్తే సిగ్నల్ తెగిపోతూనే ఉంటుంది. సిగ్నల్ ఎక్కడ ఆగిపోతుందో, మళ్లీ ఎక్కడ అందుతుందో తెలిపే బోర్డులను అటవీ చెక్‌పోస్టుల వద్ద పెట్టించాలని, లద్దాఖ్ సిమ్ నిబంధనను టెలికాం కంపెనీలు ప్రయాణాల కాలంలో సందేశాల ద్వారా తెలుపాలని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, వరంగల్