ఓల్డ్ ర్యాగ్ కొండ మీద నాకు తోడు నడిచినవాళ్లకు

మొన్న అక్టోబరు చివర్లో షెనండోవా నేషనల్ పార్కులో ఓల్డ్ ర్యాగ్ కొండ దిగుతూ కాలు బెణికి కూలబడిపోయిన మనిషిని నేనే. ఆ రోజు సాయం చేసినవాళ్ల పేర్లు అడగాలని కూడా తోచలేదు. వర్జీనియాలో మనవాళ్లు ఇంతమంది ఉన్నారు కదా, ఎవరి ద్వారా అయినా చేరుతుందని ఇక్కడ రాస్తున్నాను.

తప్పు మాదే. మొత్తం చుట్టు తొమ్మిది మైళ్ల పైమాటే, రోజంతా పట్టే నడక. పొద్దున్నే బయల్దేరాల్సింది. ఆ కొండకి మార్చి నుంచి నవంబరు దాకా ముందే ఆన్‌లైన్లో టికెట్ తీసుకోవాలి. ఎలాగూ కొన్నాం, వదులుకోవడం ఎందుకని నేనూ మా తమ్ముడూ పదకొండింటికి మొదలుపెట్టాం. కాళ్లకి మామూలు వాకింగ్ షూ, సంచిలో పులిహోర డబ్బా, రెండు నీళ్ల సీసాలు. టార్చి లేదు.

ఎక్కేటప్పుడు మాత్రం ఏ బాధా తెలియలేదు. మన లెక్కలో ఆకు రాలేది శిశిరంలో, ఇక్కడ దసరా దాటితే చాలు. అడవంతా పసుపు, అక్కడక్కడా మోదుగపూల ఎరుపు. పైన అసలు దారే ఉండదు, అన్నీ గ్రానైట్ బండలే. సంచి విప్పి చేతికిచ్చి సందుల్లోంచి పక్కకి దూరాలి. సెలవు రోజు కావడంతో అక్కడ తిరుపతిలా క్యూ! శిఖరం చేరేసరికి నాలుగైంది. 3,280 అడుగులకు పైగా ఎత్తున నిలబడి చూస్తే బ్లూ రిడ్జ్ కొండలు ఒకదాని వెనక ఒకటి నిజంగానే నీలంగా కనిపించాయి. బండల గుంటల్లో నిలిచిన వాన నీళ్లలో ఆకాశం. పులిహోర అక్కడే తిన్నాం.

దిగడం మొదలుపెట్టిన అరగంటకి, తడి ఓక్ ఆకుల కింద రాయి ఉందని తెలియక కాలేశాను. "అమ్మా!" అని అరిచాను. ఆ కేకకే వెనక వస్తున్న తెలుగు కుటుంబం పరిగెత్తుకొచ్చింది. "ఏమైందక్కా?" అన్న ఆ మాట వినగానే అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు వచ్చేసింది. ఫోనులో సిగ్నల్ లేదు.

నేను షూ విప్పబోతుంటే అటుగా వచ్చిన ఓ పెద్దాయన వద్దన్నారు. విప్పితే వాపుకి మళ్లీ ఎక్కదట. లేసు కొంచెం వదులు చేసి, పైనుంచే క్రేప్ బ్యాండేజీ గట్టిగా చుట్టారు. వాళ్లావిడ తన దగ్గరున్న నొప్పి మాత్ర ఇచ్చింది. మా తమ్ముడు కాసేపు, ఆ తెలుగాయన కాసేపు నన్ను ఒకవైపు పట్టుకున్నారు. రెండో చేతికి ఆ తెలుగాయన భార్య తన ట్రెక్కింగ్ కర్ర ఇచ్చేసింది.

ఆరున్నరకల్లా చీకటి పడింది. కింద ఫైర్ రోడ్డు (అడవిలో మంటలార్పే బండ్లు వెళ్లే మట్టి రోడ్డు) వెడల్పుగానే ఉంటుంది కానీ నా కుంటి నడకకి అది తరగలేదు. ఆ తెలుగువాళ్లబ్బాయికి పదేళ్లుంటాయేమో, నెత్తికి లైటు కట్టుకుని ముందు నడుస్తూ "ఆంటీ, ఇక్కడ రాయి", "ఆంటీ, ఇక్కడ నీళ్లు" అని ప్రతి అడుగూ చెప్పాడు. ఒక్కసారి కూడా ఇంకెంత దూరం అని అడగలేదు. నేనే నాలుగుసార్లు అడిగాను.

కారు దగ్గరకి చేరేసరికి తొమ్మిది. వాళ్లు రెండున్నర గంటల్లో దిగిపోవాల్సిన దారి, నా కోసం నాలుగు గంటలకు పైగా నడిచారు. నేను సీటులో కూర్చునే దాకా పెద్దాయన దంపతులు కూడా కదల్లేదు. ఎముక విరగలేదు, బెణికిందంతే. ఇప్పుడు ఇంట్లో తిరుగుతున్నాను.

బాబూ, నీకు ప్రత్యేకంగా థాంక్స్. చెల్లీ, మీ కర్ర మా కారు డిక్కీలోనే ఉండిపోయింది. దాని పిడికి ఏ రంగు రిబ్బను కట్టి ఉందో నాకు మెసేజ్ పెట్టండి, అది మీరేనని తెలుస్తుంది. కర్రతో పాటు పులిహోర కూడా తెస్తాను.