పని గుట్ట మీద మొదలవనిచ్చిన వాళ్లందరికీ కృతజ్ఞతలు

మూడు పంచాయతీల వాటర్‌షెడ్ (వాన నీళ్లు ఒకే వాగులోకి పారే ప్రాంతం) కమిటీల తరఫున మొదటి దండం దిగువ ఊరి గ్రామసభకు. మొదటి విడత డబ్బు తమ చెరువు దగ్గర కాకుండా ఎగువ పంచాయతీ గుట్టల మీద ఖర్చు పెట్టడానికి ఒప్పుకుని తీర్మానం ఇచ్చింది వాళ్లే. చెరువులో పూడిక అందరికీ కనిపిస్తుంది, గుట్ట మీద మట్టి కోత ఎవరి కంటా పడదు. అందుకే చాలాచోట్ల ముందు వాగు మీద చెక్‌డ్యామ్ లేస్తుంది. పైన కోత ఆగకపోతే అది కొద్ది వానాకాలాల్లోనే మట్టితో నిండి, నీళ్లు నిలవని గోడగా మిగులుతుంది.

రెండో దండం మూడు పంచాయతీలకూ ఒకే డీపీఆర్ (సమగ్ర పనుల ప్రణాళిక) రాయించిన జిల్లా వాటర్‌షెడ్ అధికారులకు. కమిటీలు పంచాయతీకొకటి ఉండాల్సిందే, నిబంధన అది. కానీ ప్రణాళిక కూడా ముక్కలైతే పై ఊరి వరద కింది ఊరి లెక్కలోకి రాదు. పీఎం కృషి సించాయీ యోజన వాటర్‌షెడ్ రెండో దశలో (2021-26) కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. మైదాన ప్రాంతంలో హెక్టారుకు 22,000 రూపాయల దాకా వస్తుంది. 2,500 హెక్టార్లంటే ఐదున్నర కోట్లు. వినడానికి పెద్ద మొత్తమే గానీ మట్టి, రాయి పనులకు మిగిలేది అందులో దాదాపు సగం. జీవనోపాధులు, పంటల పనులు, శిక్షణ, ఆఫీసు ఖర్చులు అన్నీ మిగతా సగంలోంచే.

పక్క మండలాల వాళ్లు వివరాలు అడుగుతున్నారు కాబట్టి వాళ్ల కోసం నాలుగు మాటలు.

గుట్ట మీద వాన నీళ్లు ఆపే కందకాల సంఖ్య అందాజుగా వేయొద్దు. హెక్టారు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 10 ఘనపు మీటర్ల నీళ్లు. 50 మిల్లీమీటర్ల వానలో 30 శాతం పారిందనుకుంటే 150 ఘనపు మీటర్లు. 4 మీటర్ల పొడవు, 0.6 వెడల్పు, 0.6 లోతు కందకంలో పట్టేది 1.44. అంటే హెక్టారుకు నూరు పైచిలుకు కందకాలు కావాలి. తవ్విన మట్టి దిగువ పక్కన, అంచు నుంచి జానెడు దూరం వదిలి వేయాలి. అంచు మీదే పోస్తే మొదటి వానకే తిరిగి కందకంలోకి జారుతుంది.

అన్నిటికంటే ముఖ్యం మట్టం. ఏ-ఫ్రేమ్‌ను, అంటే మట్టం చూసే A ఆకారపు కర్రల చట్రాన్ని, రెండు గూటాల మీద నిలబెట్టి, తూకపు దారం అడ్డకర్రను తాకిన చోట గుర్తు పెట్టాలి. కాళ్లు అటుదిటు మార్చి ఇంకో గుర్తు. రెంటికీ సరిగ్గా మధ్యలో ఉన్నదే అసలు మట్టం. గాలి వీస్తున్నప్పుడు ఈ పని పెట్టుకోవద్దు, దారం నిలవదు. కందకం ఒక కొసకు వాలిందంటే నీళ్లన్నీ అక్కడికే చేరి గట్టు తెంచుకుంటాయి. అప్పుడు ఆ కందకమే కొత్త ఒర్రెకు దారి తీస్తుంది. తవ్వకపోయినా బాగుండేదనిపిస్తుంది.

ఒర్రెల్లో వదులు రాళ్ల కట్టలకు మీటరు ఎత్తు చాలు. దూరం లెక్క సులువు: కింది కట్ట తల, పై కట్ట పాదం ఒకే మట్టంలో ఉండాలి. 5 శాతం వాలులో మీటరు ఎత్తు కట్టలైతే 20 మీటర్లకొకటి. నడిమి భాగం పక్కలకంటే తగ్గించాలి, రెండు కొసలూ ఒడ్డులోకి అర మీటరైనా దిగాలి. పైభాగం సమంగా కట్టినవి దాదాపు అన్నీ పక్కల కోసుకుపోయే పాడవుతాయి. పెద్ద రాళ్లు బయట, చిన్నవి లోపల పెట్టాలి. ఒర్రె అడుగున కుదురుకున్న రాళ్లు పీకి కట్టకు వాడటం అన్నిటికంటే చెడ్డ పొదుపు.

సేద్యపు కుంటల దగ్గర కొలత గొడవలు ఎక్కువ. పైన 10 బై 10, లోతు 2 మీటర్లు అనగానే 200 ఘనపు మీటర్లనుకుంటారు. గట్లు ఒకటికి ఒకటి వాలుగా (మీటరు లోతుకు మీటరు లోపలికి) తీస్తే అడుగు 6 బై 6 అవుతుంది, పట్టేది సుమారు 130. నల్లరేగడిలో ఆ వాలు కూడా నిలవదు, ఒకటిన్నరకు ఒకటైనా ఉండాలి.

అందుకే ఇంకో దండం టెక్నికల్ అసిస్టెంట్లకు. తవ్విన వారంలోనే కొలిచి ఎం.బుక్ (కొలతల పుస్తకం) రాశారు. వాన పడ్డాక కొలిస్తే మట్టి చేరి లోతు తగ్గుతుంది, ఆ మేరకు కూలీల డబ్బు తగ్గుతుంది. కొలత కోసం మధ్యలో వదిలే మట్టి దిమ్మెను బిల్లు పడేదాకా తీయనివ్వకండి.

సొంత పొలంలో పనులకు వాటా కట్టిన రైతులకు కూడా. 2008 ఉమ్మడి మార్గదర్శకాల్లో అది ఖర్చులో 10 శాతం, ఎస్సీ, ఎస్టీ, సన్న, చిన్నకారు రైతులకు 5 శాతం. ఆ డబ్బు వాటర్‌షెడ్ అభివృద్ధి నిధిలో ఉంటుంది. పథకం ముగిశాక ఉమ్మడి స్థలాల్లోని కట్టల మరమ్మతుకు ఆసరా అదే.

చివరి దండం ఏ-ఫ్రేమ్ పట్టిన అక్కచెల్లెళ్లకు. ఏటా జూన్‌కు ముందు కందకాల్లో పూడిక తీసేటప్పుడు మట్టం మళ్లీ చూస్తామని వాళ్లే మాటిచ్చారు. పాత గూటాలు పీకకుండా ఉంచమన్నారు, ఉంచాం.