బడి వంటకు ఊరి కూరగాయలు కొనండి

సంపాదకులకు నమస్కారం.

చిన్న రైతు ఒకే పంటను నమ్ముకోకుండా పది రకాలు పెట్టాలని చెప్పేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఆ మాట విని పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. పెట్టిన పది రకాలూ ఎక్కడ అమ్ముకోవాలో మాత్రం చెప్పేవాళ్లు లేరు. అందుకే ఈ ఉత్తరం.

మాది మదనపల్లె దగ్గర పల్లె. ఎకరన్నర నేల, ఒక బోరు. ఇక్కడి టమాటా సంగతి అందరికీ తెలిసిందే. 2023 జులై ఆఖరులో మదనపల్లె మార్కెట్లో కిలో 200 రూపాయల దగ్గరికి పోయింది. సెప్టెంబరు వచ్చేసరికి 10 రూపాయలు పలకడమే గగనమైంది. ఎకరా టమాటాకు నారు, కట్టెలు, దారం, మందులు, కూలీలు కలిపితే లక్ష దాటుతుంది. ధర పడిపోతే కోత కూలి, బండి కిరాయి కూడా గిట్టవు. కాయను చెట్టుమీదే వదిలేసిన చేలు మా ఊళ్లో ఎన్నో చూశాం.

అందుకని 30 సెంట్లు విడదీసి, ప్రకృతి సేద్యంలో ఏటీఎం (ఎనీ టైమ్ మనీ, అంటే ఎప్పుడూ ఏదో ఒక కాపు చేతికొచ్చేలా పెట్టడం) అంటున్న పద్ధతిలో కూరగాయలు పెట్టాం. గట్లమీద మునగ, బొప్పాయి. పందిరికి బీర, కాకర. మళ్లలో వంగ, బెండ, ముల్లంగి, తోటకూర, చుక్కకూర, కొత్తిమీర. ఒక మడి ఖాళీ అయిందంటే వెంటనే ఇంకో విత్తనం పడుతుంది. ఇంట్లో ఆవు ఉంది కాబట్టి పేడ, మూత్రంతో చేసే జీవామృతం మేమే కలుపుకుంటాం, మందుల అంగట్లో బాకీ లేదు. ఇదేమీ మాకు కొత్త విద్య కాదు. మా అత్త కాలంలో చెనిక్కాయ చేలో కంది, అలసంద, అనుము సాళ్లు లేకుండా విత్తేవాళ్లే కాదు. మన రాష్ట్ర ప్రకృతి సేద్యానికి 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ పురస్కారం వచ్చిందని చదివి ఎంతో సంతోషించాను.

కష్టమంతా అమ్మకం దగ్గరే. మార్కెట్ యార్డు లారీల లెక్కన దిగే సరుకు కోసం కట్టింది. ఐదు కిలోల బీరకాయలకు, ఇరవై కట్టల తోటకూరకు అక్కడ వేలం పాడేదెవరు? చీకటితో కోసి, తడి గోనెపట్టా చుట్టి, టీవీఎస్ బండిమీద టౌనుకు తీసుకుపోయినా ఎండెక్కేసరికి ఆకు వాడిపోతుంది. ఇక ఎంతకడిగితే అంతకిచ్చి రావాలి. సంతలో కూర్చుంటే గంపకింతని ఆశీలు కట్టాలి. 1999లో మొదలైన రైతు బజార్లు నిజంగా మంచి ఏర్పాటే, కానీ అవి ఉండేది పట్టణాల్లో. రోజుకు పది పదిహేను కిలోలు కోసే మనిషికి అక్కడిదాకా పోయి రావడం గిట్టదు.

మా మడి దగ్గర నిలబడితే ఊరి బడి వంటగది కనిపిస్తుంది. అక్కడ మధ్యాహ్నం సాంబారులో పడే ముల్లంగి, వంకాయ మాత్రం టౌను అంగడి నుంచి వస్తాయి. ఎందుకని వంట చేసే అక్కను అడిగాను. "నీ దగ్గర కొనాలనే ఉంది చెల్లీ. బిల్లు వచ్చేదాకా ఆగుతావా? అంగడాయన ఆగుతాడు" అంది. ఆమె చెప్పింది నిజమే. అంగడాయన నెలల తరబడి అప్పు పెట్టి, ఆ అప్పుకు తగ్గట్టు ధరా వేసుకోగలడు. కోసిన పూటే డబ్బు చేతిలో పడకపోతే నాకు మరుసటి విత్తనం రాదు.

కాబట్టి ప్రభుత్వాన్ని నేను అడిగేవి రెండే. బడి, హాస్టలు, అంగన్‌వాడీ వంటల్లో కూరగాయల డబ్బును మిగతా బిల్లులనుంచి విడదీసి వారం వారం ఇవ్వండి. అందులో కొంత వాటా ఆ మండలంలోని చిన్న రైతుల దగ్గరే కొనాలని జీవో తీయండి. బ్రెజిల్‌లో 2009లోనే చట్టం చేశారు. బడి భోజనానికి అక్కడి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతం చిన్న కుటుంబ రైతుల సరుకుకే ఖర్చుపెట్టాలని అందులో రాశారు. అంత దూరమెందుకు, జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల ఆడవాళ్లు 1990ల్లోనే బీడు భూములు సాగుచేసి, పండిన జొన్నలను ఊళ్లోనే నిల్వచేసి, తక్కువ ధరకు పేదలకు అందించారు. చదువురాని అక్కలు నడిపించిన పని అది.

రోజూ సరుకు ఇవ్వగలరా అని అధికారులు అడుగుతారు, అడగాల్సిందే. ఒక్కరివల్ల కాదు. ఎండాకాలం బోర్లు తగ్గితే ఆకుకూర కూడా కష్టమే, అప్పుడు అంగట్లో కొనుక్కోవచ్చు. పదిమంది వంతులు వేసుకుంటే మిగతా నెలలు ఇబ్బంది ఉండదు. లెక్కలు రాయడానికి పొదుపు సంఘాలు ఎటూ ఉన్నాయి. బడి పక్క మడిలోంచి పొద్దున కోసిన కాయ మధ్యాహ్నానికి పిల్లల కంచంలో ఉంటుంది, మధ్యలో లారీ కిరాయి గానీ కమీషన్ గానీ ఉండదు.

రాష్ట్రమంతా ఒకేసారి చేయమని అడగడంలేదు. వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోపు ఒక్క మండలంలో మొదలుపెట్టండి. మా ఊళ్లో కూరగాయలు పెట్టే ఆడవాళ్లం ఎవరి చేలో ఏ నెల ఏది కాపుకొస్తుందో పట్టిక రాసి పెట్టుకున్నాం. అడిగితే రేపే తెచ్చిస్తాం.

— ఒక మహిళా రైతు, మదనపల్లె ప్రాంతం