అంధ విద్యార్థులకు స్క్రైబ్‌ల జాబితా ఏది?

పరీక్షల సీజన్ వస్తే అంధ విద్యార్థులకు చదువుకంటే, తాము చెప్పే సమాధానాలు రాసిపెట్టే స్క్రైబ్ దొరుకుతారో లేదోనన్న టెన్షనే ఎక్కువ. ‘రేపు ఉదయం ఎకనామిక్స్, ఎవరైనా రాయగలరా?’ అని ముందురోజు రాత్రి వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్‌లు వస్తుంటాయి. పని మానుకుని, సొంత చార్జీలతో వచ్చే వలంటీర్లకు చేతులెత్తి మొక్కాలి. కానీ ఇంగ్లిష్ మీడియంలో చదివినవారు తెలుగు రాయాల్సివస్తే ఒత్తుల దగ్గరే ఆగిపోతున్నారు. సమాధానం తెలిసిన పిల్లలు ‘థ’కు పొట్టలో చుక్క, కింద ఒత్తు అని చెబుతూ కూర్చోవడం కళ్లారా చూశాను. స్క్రైబ్‌ల ప్యానెళ్లు జిల్లా స్థాయిలో పెట్టుకోవచ్చని, బోర్డు ఇచ్చే స్క్రైబ్‌ను రెండు రోజుల ముందే కలవనివ్వాలని 2018 కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. కళాశాలల ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులతో మీడియం, సబ్జెక్టులవారీగా ప్రతి జిల్లాలో ఆ జాబితా తయారుచేయాలి. హాల్‌టికెట్‌తోపాటే స్క్రైబ్ వివరాలు ఇవ్వాలి, వారి బస్సు చార్జీలు బోర్డే భరించాలి.

– ఒక వలంటీర్, హన్మకొండ