ఫుట్‌బాల్ అభిమానుల సంఘం, హైదరాబాద్: వార్షిక నివేదిక (2024 జూన్ – 2025 మే)

అధ్యక్షులవారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నియమావళిలో ఉంది కాబట్టి చదువుతున్నాను. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్లీ చెప్పి మీ టైమ్ తినను.

మనకు ఈ ఏడాది తగాదాతోనే మొదలైంది. జూన్ 11న ఖతర్‌లో మన దేశం జట్టు 2-1తో ఓడింది. గీత దాటిపోయిన బంతిని వెనక్కి లాగి కొట్టిన గోల్‌ని రెఫరీ ఇచ్చేశాడు. వరల్డ్ కప్ క్వాలిఫయర్స్‌లో మూడో రౌండ్ ఆశ అక్కడితో పోయింది. 17న కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ని తీసేశారు. ఆ రాత్రి నుంచి ఆయన్ని తీసేయడం మీద మన గ్రూపులో రెండు పార్టీలు. ఒకరినొకరు బ్లాక్ చేసుకున్న సభ్యులు కూడా ఉన్నారు. పేర్లు చెప్పను, ముందు వరసలోనే కూర్చున్నారు.

ఇలా లాభం లేదు, ఎదురెదురుగా కూర్చుని తేల్చుకుందామని ఏప్రిల్‌లో చర్చా సభ పెట్టాం. అంశం: ‘కోచ్‌కి కోపం ఉండాలా?’ ఈ సంఘం ఇంత మంచి కార్యక్రమం ఇంతకుముందు చేయలేదని నా అభిప్రాయం. మూడు గంటలు అనుకున్నది రాత్రి భోజనాల వేళ దాటినా ఎవరూ లేవలేదు.

స్టిమాచ్ పక్షం గట్టిగానే మొదలుపెట్టింది. 1998 వరల్డ్ కప్‌లో మూడో స్థానం కొట్టిన క్రొయేషియా జట్టులో ఆడినవాడు, లైను పక్కన చేతులు కట్టుకుని నిలబడే రకం కాదు. 2023 జూన్ 21న దక్షిణాసియా దేశాల శాఫ్ కప్‌లో, బెంగళూరు కంఠీరవ స్టేడియంలో పాకిస్తాన్ ఆటగాడు త్రో వేయబోతుంటే చేతిలోని బంతిని కొట్టేసి రెడ్ కార్డ్ తిన్నాడు. వారం తిరక్కుండా కువైట్ మ్యాచ్‌లో మళ్లీ రెడ్. మన కుర్రాళ్ల కోసం తన్నులాటకైనా దిగే కోచ్ ఇన్నాళ్లకు దొరికాడని, అతన్నీ పోగొట్టుకున్నామని వాళ్ల బాధ.

దానికి మన కోశాధికారిగారు లేచి చెప్పిన జవాబు రికార్డు చేయాల్సిందే. రెండో రెడ్ తర్వాత సస్పెన్షన్ పడి, ఆ శాఫ్ కప్ సెమీస్‌కీ ఫైనల్‌కీ స్టిమాచ్ బెంచి మీద లేడు. అసిస్టెంట్ మహేష్ గావ్లీ నడిపించాడు. లెబనాన్ మీద, ఆ తర్వాత కువైట్ మీద పెనాల్టీల్లో గెలిచి కప్పు కొట్టాం. మరి కోపం బయట కూర్చున్నప్పుడే కప్పు వచ్చింది కదా అన్నారు. ‘ఆ జట్టుని తయారుచేసింది ఎవరండీ?’ అని వెనక నుంచి ఒక కేక. ఇక ఇరవై నిమిషాలు మైకు ఎవరి చేతిలో ఉందో కూడా తెలియలేదు.

స్టిమాచ్ తర్వాత కోచ్‌గా వచ్చిన మనోలో మార్క్వెజ్ విషయంలో మనవాళ్లు నిష్పక్షపాతంగా ఉంటారని నేను ఎదురుచూడలేదు. 2022 మార్చి 20న ఫటోర్డాలో గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు తెచ్చిపెట్టినప్పుడు కోచ్ ఆయనే. నెమ్మదస్తుడు, మనవాడు. కానీ ఇండియా పగ్గాలు పట్టాక 2025 మే దాకా ఆరు మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటి, అదీ మాల్దీవుల మీద. ఒకపక్క ఎఫ్‌సీ గోవా క్లబ్బు, ఇంకోపక్క దేశం జట్టు, రెండు పడవల ప్రయాణం. మార్చి 25న షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0 అయ్యాక ఆయనకీ చిర్రెత్తుకొచ్చి ప్రెస్ ముందు కోపం వెళ్లగక్కాడు. ‘చూశారా, ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా బీపీ లేస్తుంది’ అన్నారు స్టిమాచ్ పక్షం వాళ్లు.

సభకు పెద్దగా వచ్చినాయన చిన్నతనంలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆట చూసిన మనిషి. 1950 నుంచి 54 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్‌లు కొట్టిన జట్టు అది. ఆ జట్టు కోచ్, బడిపంతులుగా పనిచేసిన రహీం సాబ్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనల్ని నాలుగో స్థానానికి, 1962 జకార్తాలో దక్షిణ కొరియా మీద 2-1తో ఆసియా స్వర్ణానికి తీసుకెళ్లిన సంగతి ఆయన చెబుతుంటే కుర్రాళ్లు ఫోన్లు పక్కన పెట్టి విన్నారు. అంతకంటే ఏం కావాలి?

నా మాట కూడా అడిగారు కాబట్టి చెబుతున్నాను. కోపమా శాంతమా అన్నది తర్వాతి సంగతి. 2024 సంవత్సరమంతా మన జట్టు 11 మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ గెలవలేదు, ఆ లెక్కలో ఇద్దరు కోచ్‌లకీ వాటా ఉంది. క్లబ్బులన్నీ గోల్ కొట్టే పని విదేశీయులకి అప్పజెప్పి కూర్చుంటే కొత్త కుర్రాడు ఎక్కడ నేర్చుకుంటాడు? రిటైరైన కెప్టెన్ ఛెత్రిని నలభై ఏళ్ల వయసులో వెనక్కి పిలవాల్సి వచ్చింది. ఆయన వచ్చి మాల్దీవుల మీద 95వ గోల్ కొట్టేశాడు కూడా. సంతోషపడాలో సిగ్గుపడాలో తెలియదు. మన హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా కూలిపోయి మళ్లీ లేస్తున్న జట్టే. పోయినేడాది ఆఖరి స్థానం, ఈసారి 13 జట్లలో 12. ఆ కుర్రాళ్లను తిట్టే ముందు ఒకసారి స్టేడియానికి రండి.

స్టేడియం అంటే గుర్తొచ్చింది. సెప్టెంబర్‌లో గచ్చిబౌలిలో ఇంటర్‌కాంటినెంటల్ కప్ జరిగింది. సిరియా చేతిలో 3-0తో ఓడిన రోజు వినాయక చవితి అయిన రెండు రోజులకే కావడంతో, వస్తామన్న వాలంటీర్లు మండపాల్లో తేలారు. బ్యానర్ మోసింది కార్యవర్గం, వాళ్ల పిల్లలు. నవంబర్ 18న మలేషియాతో మ్యాచ్‌కి పరిస్థితి మెరుగు. మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ముందుకొచ్చి గోల్ ఇచ్చేశాక మన స్టాండు చల్లారిపోతుందేమో అనుకున్నా, రాహుల్ భేకే తల పెట్టి సమం చేసినప్పుడు డప్పులు పగిలాయి. ఒకటి నిజంగానే పగిలింది. డప్పులు లోపలికి తేవడానికి అనుమతి కోసం ఒక అధికారి చుట్టూ తిరిగాం. ఉత్తరానికి జవాబు మ్యాచ్ అయిపోయాక వచ్చింది. గ్రూపులో బొటనవేలు చూపించేవాళ్లకి కొదవ లేదు. కుర్చీలు సర్దే వేళకి వాళ్లంతా ట్రాఫిక్‌లో ఉంటారు.

కృతజ్ఞతలు: హాలు ఉచితంగా ఇచ్చిన అపార్ట్‌మెంట్ కమిటీకి, మైకు అబ్బాయికి, బిల్లు కోసం ఇంకా ఓపిక పట్టిన ప్రింటింగ్ ప్రెస్ యజమానికి, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు అడిగినన్ని పంపిన హోటల్‌కి, చర్చ చేయి దాటకుండా చూసిన మహిళా విభాగం వారికి, ఊరు కాని ఊరు నుంచి చందా పంపే సభ్యులకి. జాయింట్ సెక్రటరీగారికి ప్రత్యేకంగా. ఆయన లేకపోతే ఏప్రిల్ సభ లేదు.

జమాఖర్చుల పట్టిక చివరి పేజీలో ఉంది. ఆడిట్ అయింది. కొద్దిగా లోటు ఉంది, చందా బకాయిలు వస్తే సరిపోతుంది. బకాయిదార్ల జాబితా ఈసారి చదవడం లేదు.

జూన్ 10, మంగళవారం సాయంత్రం హాంకాంగ్‌తో ఆసియా కప్ క్వాలిఫయర్ ఉంది. అదే హాల్లో తెర పెడుతున్నాం. ప్రొజెక్టర్ తెచ్చే మనిషి కావాలి. పేరు ఇచ్చినవాళ్లు వచ్చి తీరాలి. పగిలిన డప్పు బాగుచేయిస్తానని తీసుకెళ్లిన సభ్యుడు దాన్ని ఆ రోజుకి పట్టుకురావాలని మనవి.

ఇట్లు,
కార్యదర్శి